నూనె వేసిన గేటు

కిర్రుమనే తలుపుని నేను భరించలేను. ఇది గొప్పకి చెప్పడం లేదు, అదొక జబ్బు. సునాబెడలో విమానాల ఇంజిన్లు తయారయ్యే ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేశాను. బేరింగు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరుగుతోందో చెప్పేవాణ్ణి. శబ్దం వచ్చిందంటే ఎక్కడో ఇనుము ఇనుముని తింటోందని మా మేస్త్రీ మొదటి రోజే నేర్పాడు. రిటైరయ్యి క్వార్టరు ఖాళీ చేశాను గాని ఆ చెవులు మాత్రం నాతోనే వచ్చేశాయి. సన్నటి మూతి ఉన్న చిన్న ఆయిల్ క్యాన్ ఒకటి ఎప్పుడూ నా చేతిసంచిలో ఉంటుంది. బైబిలు పక్కనే ఉంటుంది.

మా కాలనీలో నా చెయ్యి పడని తలుపు లేదు. చర్చి తలుపు కూడా అంతే. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఆలస్యంగా వచ్చినవాళ్లు తోసినప్పుడల్లా అది మూలిగేది. ఒక ఆదివారం ఆయన ఆమెన్ అనేలోపు బందులకి నూనె వేసి వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చేవాళ్లు రెట్టింపయ్యారని ఆయన నా దగ్గర వాపోయారు. తలుపు అరిచినన్నాళ్లూ సిగ్గుపడేవారట. నేను పడీపడీ నవ్వాను. అందులో నాకు తెలియాల్సిన సంగతి ఒకటి ఉందని అప్పుడు తట్టలేదు.

మా ఆవిడైతే, "ముందు నీ గురకకి ఎయ్యి ఆ నూనె" అంటుంది.

మా అక్క కూతురు మా ఇంట్లోనే పెరిగింది. అక్క పోయేనాటికి దానికి ఆరేళ్లు. కాలనీలో ఏ కుక్కపిల్ల కాలు విరిగినా మా వరండాలోకి వచ్చేది. మేము అమ్మి అని పిలుచుకునే ఆ పిల్లే పశువుల డాక్టరు చదివింది. ఎక్కడో దూరాన, చీతాల్ని పెంచి అడవిలోకి వదిలే కేంద్రంలో రెండేళ్లు పనిచేసి, చివరికి మన కొండలకే వచ్చింది. కొరాపుట్ నుంచి రాయగడ వెళ్లే దారిలో, లక్ష్మీపూర్ దాటాక, గాయపడ్డ అడవి జంతువుల్ని ఉంచే ఒక చిన్న చోటు ఉంది. దాని పేరూ, ఆ ఊరి పేరూ రాయను. జరిగినదాంట్లో ఆ చోటు తప్పేమీ లేదు.

అక్కడికి ఒక ఆడ చిరుతపులి వచ్చింది. నారాయణపట్న వైపు అల్లం చేలో, అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులో కాలు ఇరుక్కుని రెండు రోజులు పడి ఉందట. మా అమ్మి ఆ ఉచ్చు తీగ ఫొటో పంపింది. మోటారుసైకిల్ క్లచ్ కేబులు అది. ముడి కూడా నేర్పుగా వేశారు. ఎడమ ముందుకాలికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. వచ్చాక తెలిసింది, అది కడుపుతో ఉందని. కొన్ని వారాలకి రెండు పిల్లల్ని పెట్టింది.

ఈ కబురు మా కాలనీ అంతా పాకింది. టీవీలో విమానం దిగిన చీతాల్ని చూసిన పిల్లలు, అవే ఇక్కడికీ వచ్చాయా అని నన్ను వీధిలో ఆపి అడిగేవారు. కావురా, ఇది మన కొండల చిరుత, దీనికి విమానం అక్కర్లేదు అని చెప్పేవాణ్ణి. నా మాటల్లో ఆ చిరుత మా ఇంటి ఆడపడుచు అయిపోయింది. అందరికీ చెప్పుకుంటున్నానే గాని నేను చూసింది లేదు. చూపించమని అమ్మిని సతాయించాను. అది నెల రోజులు ఒప్పుకోలేదు. చివరికి నా పోరు పడలేక రమ్మంది.

ఫోనులోనే షరతులు మొదలుపెట్టింది.

"మావయ్యా, నోపల మాటాడకు. దగ్గొస్తే ఎనక్కి వచ్చెయ్. ఫోను ఆపెయ్. ఆ సెంటు సబ్బుతో తానం సేసి రాకు."

"ఏటమ్మీ, పెళ్లిసూపులకి కూడా ఇన్ని నేమాల్లేవు."

"పెళ్లిసూపుల్లో ఎవులైనా నిన్ను సూసి పారిపోతే తప్పు. ఇక్కడ పారిపోకపోతే తప్పు."

తర్వాత నవ్వు ఆపి చెప్పింది. పిల్లలు తల్లి దగ్గరే పెరగాలి. మనిషి చెయ్యి వాటి మీద పడకూడదు, మనిషి అన్నం పెడతాడని వాటికి తెలియకూడదు. వేట నేర్చుకునే వయసు వచ్చాక తల్లితో కలిపి అడవిలో వదులుతారు. ఒక్కసారి మనిషికి అలవాటు పడ్డాయంటే ఇక వదలడానికి లేదు. ఊళ్లోకి వస్తాయి, కర్రలతో కొడతారు, కాబట్టి బతికినన్నాళ్లూ బోనులోనే ఉంచాలి. "మనిషంటే బెదురుండాలి మావయ్యా. నేను వాటికి మిగల్చాలనుకున్నది అదొక్కటే." దూరాన చీతాల దగ్గర నేర్చుకున్న పనంతా ఇదేనట. వాటికి కనపడకుండా ఉండటం.

నేను పొద్దున్నే బయల్దేరాను. కొరాపుట్‌లో బస్సు మారాను. టికిరి దగ్గర దిగాల్సిన ఇద్దరు అల్యూమినా రిఫైనరీ కుర్రాళ్లు డొరగుడ ప్లాంటులో తమ షిఫ్టు గురించి దారంతా తిట్టుకుంటూ కూర్చున్నారు. వాళ్లకంటే ముందే నేను దిగిపోయాను. సబ్బు రాసుకోలేదు. కొత్త చొక్కా వేసుకోలేదు. సంచిలో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, ఆయిల్ క్యాన్ ఉన్నాయి. నూనెకీ వాసన ఉంటుందని అమ్మి చెప్పలేదు, నాకూ తోచలేదు. ఆ వాసన నాకు ఏనాడో తెలియడం మానేసింది.

చిరుత ఉన్న ఆవరణ చుట్టూ ఎత్తైన జల్లి, అంటే ఇనుప తీగల వల, దాని మీద వెదురు తడికలు. లోపల గడ్డి, బండలు, నీళ్ల తొట్టి, వెనకాల రాళ్లతో కట్టిన గుహలాంటి గది. పక్కన పొడుగ్గా ఒక నడవ. కాపరి ఇనుప గేటు తెరిచి ఆ నడవలోకి వెళ్లి, గొట్టంలాంటి దారిలోంచి మాంసం లోపలికి జారవిడుస్తాడు. తడికకి ఒకచోట అరచేతి వెడల్పున కన్నం ఉంది. అమ్మి నా తల పట్టుకుని ఆ కన్నానికి ఆనించింది.

మొదట గడ్డి తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఆ గడ్డిలోనే అది ఉందని తెలిసింది. పడుకుని కుంటికాలు నాకుతోంది. దాని పొట్ట దగ్గర రెండు బూడిదరంగు ముద్దలు కదులుతున్నాయి. ఒకటి దాని తోక మీదికి ఎక్కబోయి జారిపడింది. నా కళ్లు నీళ్లతో నిండాయి. ముసలివాణ్ణి, చిరుతపులి పిల్ల జారిపడితే ఏడవడమేమిటో నాకు తెలియదు. అమ్మి నా భుజం నొక్కి వెనక్కి లాగింది. ఎంతసేపు చూశానో గాని ఒక బొట్టు నీళ్లు తాగినంత సేపే అనిపించింది.

ఆ తర్వాత ఎవరో పెద్దాఫీసరు ఫోను చేశాడని అమ్మి ఆఫీసు గదిలోకి వెళ్లింది. నన్ను నడవ బయట వేపచెట్టు కింద కూర్చోమంది. సరిగ్గా అప్పుడే కాపరి ఖాళీ బకెట్టు తెచ్చుకోవడానికి గేటు తీశాడు.

ఆ గేటు అరిచిన అరుపు నేను చెప్పలేను. పంటి కింద ఇసుకలా నా వెన్ను దాకా పాకింది. పైబందు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కాపరి నడివయసు దేశియా మనిషి, ఆ కొండల్లోనే పుట్టినవాడు, గట్టి కండలవాడు, అయినా భుజం ఆనించి ఒక్క తోపు తోస్తే గాని అది రావడం లేదు. తీశాక కదలకుండా నిలబడ్డాడు, చుట్ట కాల్చినంత సేపు. అప్పుడు లోపలికి వెళ్లి బకెట్టు తెచ్చుకుని వంటపాక వైపు వెళ్లిపోయాడు. గేటుతో అలసిపోయి నిలబడ్డాడనుకున్నాను. పాపం అనుకున్నాను.

చుట్టూ ఎవరూ లేరు. మాట్లాడొద్దంది, మాట్లాడలేదు. దగ్గొద్దంది, దగ్గలేదు. గేటు ముట్టొద్దని ఎవరూ అనలేదు, ఎందుకంటే గేటుకి నూనె వేసే మనిషి ఒకడు ఉంటాడని అక్కడ ఎవరూ ఊహించలేదు. పైబందుకి నాలుగు చుక్కలు, కిందిదానికి నాలుగు. నూనె దిగేదాకా వేలితో అదిమి పట్టుకున్నాను. గడియకి కూడా వేశాను. మెల్లగా అంగుళం అంగుళం కదిపాను. మొదట మూలిగింది, తర్వాత గొణిగింది, తర్వాత నోరు మూసుకుంది. చిటికెనవేలితో తోస్తే కదిలేలా అయ్యాక దగ్గరగా వేసి వచ్చి చెట్టు కింద కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం నా అంత తృప్తిగా ఉన్న మనిషి కొరాపుట్ జిల్లాలో లేడు.

సాయంత్రం మాంసం వేసే వేళకి అమ్మి నన్ను ఆఫీసులోకి పిలిచి టీ ఇచ్చింది. అక్కడ గోడకి టీవీలాంటి తెర ఉంది. లోపల కెమెరాలు చూసేది అందులో వస్తుంది. బొమ్మే గాని శబ్దం రాదు. చిరుత ఒక పిల్లని మెడ దగ్గర నోట కరుచుకుని గడ్డిలోంచి లేచింది. "సూడు మావయ్యా, సోటు మారస్తాది. అదో పిల్లని గదిలో పెట్టొచ్చి రెండోదాన్ని తీసుకెళ్తాది" అని అమ్మి కుర్చీ ముందుకి లాక్కుంది. తెర మూలలో నడవ గేటు. కాపరి మాంసం బకెట్టుతో వచ్చాడు. గేటు ఎంత హాయిగా వస్తుందో చూసి వెనక్కి తిరిగి నవ్వుతాడేమోనని నేను అతని మొహం కోసం చూస్తున్నాను.

అతను రోజూలాగే భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు.

బిగుసుకున్న గేటుకి సరిపడా బలం అది. నూనె తాగిన గేటు అతని చేతిలోంచి ఎగిరిపోయి ఇనుప స్తంభాన్ని కొట్టింది. తెర మీద అంతా చప్పుడు లేకుండానే జరిగింది. గోడ అవతల నుంచి మాత్రం, కాస్త ఆలస్యంగా అనిపించింది గాని, గంట కొట్టినట్టు ఒక్క మోత వినిపించింది. చిరుత అప్పుడు జల్లి పక్కనే ఉంది, గేటుకి నాలుగడుగుల దూరంలో. దాని ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది. దవడలు కూడా బిగుసుకున్నాయి. తర్వాత అది బండల మీదుగా గదిలోకి దూకింది. గుమ్మం దగ్గర నోట్లోది కింద పడేసింది. అది కదల్లేదు.

అమ్మి చేతిలో గ్లాసు పడిపోయింది. రెండో పిల్ల నీళ్లతొట్టి పక్కన గడ్డిలో నోరు తెరిచి తల్లిని పిలుస్తూ కనిపించింది. దాని అరుపు కూడా తెర మీద వినిపించలేదు.

అందరినీ దూరంగా పంపేసి తల్లి కోసం చూశారు. తల్లి రాలేదు. చీకటి పడేముందు ఒకసారి గుమ్మం దాకా వచ్చి, చచ్చిన పిల్లని వాసన చూసి, లోపలికి పోయింది.

అమ్మి కాపరిని వేపచెట్టు కిందే నిలదీసింది. నేను అక్కడే ఉన్నాను.

"గేటు కొంచెం తీసి ఆగమన్నానా లేదా? అది అరుపు ఇని నోపలికి పోయేదాకా ఆగాల కదా! ఇన్నాళ్లూ ఆగేవు, ఇయ్యాల ఏటొచ్చింది?"

అప్పటికి నాకు అర్థమైంది. గేటు అరిస్తే చిరుతకి తెలిసేది మనిషి వస్తున్నాడని. పిల్లల్ని తీసుకుని లోపలికి పోవడానికి దానికి అంత వ్యవధి దొరికేది. అందుకే అతను చుట్ట కాల్చినంత సేపు ఆగేవాడు. అతను అలసిపోయి ఆగలేదు. ఆ అరుపు దానికి కాపలా. దాని నోట్లో నేను నూనె పోశాను.

కాపరి తెలుగు సంతలో నేర్చుకున్న తెలుగు. "గేటు పిలవలేదమ్మా" అన్నాడు. అమ్మికి అది అర్థం కాలేదు, సాకు అనుకుంది. అతను వెళ్లి బందు మీద వేలు పెట్టి, ఆ వేలు వాసన చూశాడు. నా వైపు తిరిగాడు. నా సంచీ వైపు చూశాడు. అప్పుడు తల దించుకుని, "నా సెయ్యి జారిందమ్మా" అన్నాడు.

ఆఖరి బస్సు ఉందని చెప్పి వచ్చేశాను. అది నిజమే, బస్సు ఉంది. ఆ నిజం పట్టుకుని ఇంటికి చేరాను.

రెండు రోజులు మా ఆవిడకి కూడా చెప్పలేదు. మూడో రోజు మళ్లీ బస్సెక్కాను. అమ్మి ఆఫీసు వెనక గదిలో, దుప్పటి పరుచుకుని కింద కూర్చుంది. ఒళ్లో ఆ రెండో పిల్ల. మర్నాడు మధ్యాహ్నం దాకా తల్లి కోసం చూసి, ఒళ్లు చల్లబడిపోతుంటే తప్పక చేతుల్లోకి తీసుకున్నారట. సీసా పాలు తాగుతోంది. ముందుకాళ్లతో అమ్మి మణికట్టుని నొక్కుతోంది.

"అమ్మీ, గేటుకి నూనె నేనే ఏసేను."

అది తలెత్తలేదు. "తెలుసు మావయ్యా. నిన్న సూసేను. బందుల కింద మట్టి నల్లగుంది."

"మరి ఫోను సెయ్యలేదేటి?"

"నువ్వే సెప్తావేమోనని సూసేను."

తిట్టి ఉంటే నేను కాళ్లు పట్టుకునేవాణ్ణి. సీసా ఖాళీ అయ్యాక పిల్ల మూతి తుడిచి, "ఇంటికెళ్లు మావయ్యా" అంది.

బయట వంటపాక దగ్గర కాపరి కనిపించాడు. నిన్ననే అమ్మి అతనికి తప్పు నీది కాదని చెప్పిందట. నేను చేతులు జోడించాను. అతను కంగారుపడి నా చేతులు విడదీశాడు. "గేటుకి నూనె మంచిదే బాబూ. మా ఊళ్లో బండికి మేమూ ఏస్తాం" అన్నాడు. ఆ మంచితనం నాకు కత్తిపోటులా తగిలింది. ఒక్క బూతు మాట అని ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణేమో.

ఆయిల్ క్యాన్ బల్ల సొరుగులో పడేశాను. ఇంట్లో తలుపులు మెల్లగా మళ్లీ అరవడం మొదలుపెట్టాయి. అమ్మి మా ఆవిడతోనే ఫోనులో మాట్లాడేది, నన్ను అడిగేది కాదు. తల్లి చిరుతని కాలు మానాక నారాయణపట్న అవతలి కొండల్లో వదిలారని అలాగే తెలిసింది. అది ఒక్కటే వెళ్లింది. బోను తలుపు ఎత్తగానే వెనక్కి చూడకుండా పోయిందట.

ఏడు నెలల తర్వాత అమ్మి నాకే ఫోను చేసింది. పిల్లకి పెద్ద బోను కట్టారు, గేటు వంకరగా కూర్చుంది, వచ్చి సరిచేస్తావా అని అడిగింది. ఫోను పెట్టేశాను. పనిముట్లన్నీ సర్దుకున్నాను. ఆయిల్ క్యాన్ తీసుకోలేదు.

రోజంతా పట్టింది. బందులు కోసి, కొత్తవి తెప్పించి, కాపరి గేటు ఎత్తి పట్టుకుంటే నేను మట్టం చూసి బిగించాను. ఆ గేటు నా చేతి మీద తయారైనవాటిలో గట్టిది. ఆ పిల్ల బతికినన్నాళ్లూ నిలవాలి కదా, చిరుతలు బోనులో చాలా ఏళ్లు బతుకుతాయట. మూసి తెరిచి చూశాను. కొత్త ఇనుము, సన్నగా కీచుమంది.

అమ్మి తన గదిలోంచి ఒక నూనె సీసా తెచ్చి ఇచ్చింది.

"ఎయ్యి మావయ్యా."

"వొద్దమ్మీ."

"ఎయ్యి. దీనికి పర్లేదు. దీనికిప్పుడు గేటు అరిసినా ఒకటే, అరవకపోయినా ఒకటే."

వేశాను. సగం నేల మీద పోయింది. అమ్మి పక్కకి తిరిగి నిలబడింది. కాపరి పిల్లని బోనులోకి వదిలాడు. పిల్ల అంటున్నాను గాని అప్పటికి పెద్ద కుక్కంత ఉంది, మచ్చలు తేరాయి. తల్లి పోలికే. చప్పుడు లేకుండా గేటు మూశాం. అది ఒకసారి చుట్టూ చూసి, నేరుగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నన్ను అది ఎరగదు. మనిషైతే చాలు దానికి. జల్లికి దవడ రాసుకుంటూ నా నూనె చేతిని వాసన చూసింది.

నేను కాలితో నేల తన్నాను. "పో!" అన్నాను. అది తల పక్కకి వంచి చూసింది. జల్లి పట్టుకుని ఊపి, గొంతు చించుకుని, "పో, ఎల్లిపో!" అని అరిచాను. నా జీవితంలో నేనంత పెద్ద శబ్దం చేసి ఎరగను. అది ఆట అనుకుంది. వెనక్కి రెండడుగులు గెంతి, మళ్లీ వచ్చి నా ఎదురుగా వెల్లకిలా పడుకుంది.